భుక్తాయాసం భీమేశ్వరుడికెరుక

వ్యాసమహర్షి కాశీ విడిచి మా ద్రాక్షారామం వచ్చింది భక్తి కొద్దీ అనుకుంటారు చాలామంది. శ్రీనాథుడి భీమఖండం చదివితే అసలు కారణం ఆకలి అని తెలుస్తుంది. కాశీలో వరసగా భిక్ష దొరకలేదు. వేదాలు విభజించిన అంతటి మనిషి, నాలుగు మెతుకులు లేకపోయేసరికి ఊరు ఊరినే శపించబోయాడు. పార్వతీదేవి పెద్ద ముత్తైదువలా వచ్చి మందలించి, భోజనానికి పిలిచింది. ఊరొదిలి పొమ్మని శివుడు కసిరింది మాత్రం అన్నం తిన్నాకే. ఈ వరస మా ఇంట్లో ఇప్పటికీ అమల్లో ఉంది. మా ఆవిడ ఏ గొడవైనా నా మజ్జిగన్నం అయ్యాకే మొదలెడుతుంది.

వ్యాసుడి కోపానికీ కారణం ఉంది. ఆకలికి రక్తంలో గ్లూకోజు బాగా పడిపోతే దాన్ని లేపడానికి ఒళ్లు అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతుంది. గుండె దడదడలాడుతుంది, చెయ్యి వణుకుతుంది, నోరు జారుతుంది. చేతిలో కమండలం ఉంటే ఇంకా ప్రమాదం.

మా ఊళ్లో ఆకలితో శపించే అవకాశం ఎవరికీ ఇవ్వరు లెండి. మా బాధ రెండోవైపుది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు. "ఇంకో ముద్ద ఏస్కోండి, ఆయ్" అంటుంటే కాదనడానికి మనసొప్పదు, లేవడానికి మోకాళ్లు ఒప్పవు. అంత తెల్లన్నం పడ్డాక కునుకు పిలవకుండానే వస్తుంది. నాలుగింటికి లేస్తే ఒళ్లు బరువు, మొహాన చిరాకు. విరుగుడు స్ట్రాంగు టీ, మిరపకాయ బజ్జీ. టీలో కెఫీను సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అందుకని రాత్రి ఊరంతా నిద్రపోయాక నేనొక్కణ్ణే సీలింగు ఫ్యాను చూస్తూ, జీవితం అశాశ్వతం కదా అని దిగులుపడుతుంటాను. దాన్ని వేదాంతం అనుకున్నాను. మా ఆవిడ అజీర్తి అంది.

చివరికి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. "ఉత్సాహం లేదండి, అంతా నిస్సారంగా ఉంది" అన్నాను. ఆయన మా ఆవిడ వైపు తిరిగి, "ఏం తింటారమ్మా?" అన్నారు.

"ఏం తినరో అడగండి బాబూ, తొందరగా అయిపోద్ది."

ఆయన షుగరు, థైరాయిడు పరీక్షలు రాసి, 2017లో ఆస్ట్రేలియావాళ్లు అచ్చువేసిన ఓ అధ్యయనం చెప్పారు. డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారట. ఒక జట్టుకి 12 వారాలు కూరగాయలు, పప్పులు, చేపలు, ముడిధాన్యాలు తినడం నేర్పారు. రెండో జట్టుకి కబుర్లు చెప్పే తోడు ఇచ్చారు. తిండి మార్చినవాళ్లలో దాదాపు మూడోవంతు కోలుకున్నారు, కబుర్ల జట్టులో 8 శాతమే. "చాలామంది చికిత్సలో ఉంటూనే తిండి మార్చారు సుమండీ. తోటకూర తిని మందులు పారెయ్యకండి" అని మరీ చెప్పారు.

మరి నడక? దానికి మా ఊరి గుళ్లో భీమేశ్వరుడున్నాడు. రెండంతస్తుల ఎత్తు లింగం, అభిషేకం చూడాలంటే మెట్లెక్కాలి. చాళుక్యుల కాలంలోనే మా ఊరికి జిమ్ము కట్టేశారన్నమాట. పైకెళ్లాక నా ఆయాసం చూసి పూజారిగారు భక్తి పారవశ్యం అనుకుని రెండు పువ్వులు ఎక్కువే పెడుతున్నారు.

అన్నం సగానికి దిగింది. సాయంత్రం టీ పోయింది. నిద్ర కాస్త దారికొచ్చింది. అంతలో కాకినాడ నుంచి మా బావగారు దిగారు, చేతిలో పెట్టెతో.

"స్వీట్లు మానేశాను బావగారూ."

"ఇది స్వీటేంటండీ, గొట్టం కాజా. లోపలంతా ఖాళీయే, ఆయ్!"

పాకం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.