కుట్టుసంజీవని

అవతారిక. మా రవ్వకు ఎనిమిది నెలలు, బరువు అయిదు కిలోలు. బొంబాయి రవ్వ రంగులో ఉంటుందని ఆ పేరు. పిల్లలు పుట్టకుండా నంద్యాలలో ఆపరేషన్ చేయించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ ఇంటికి చేర్చేసరికి నా చేతిలో రెండున్నాయి: మత్తు వదలని కుక్క, నాలుగు మడతల చీటీ. మత్తు తెల్లారేసరికి వదిలింది. చీటీ మాత్రం ఎన్నిసార్లు చదివినా కొరుకుడు పడలేదు. అక్కర్లేనిది చెప్పనని మల్లినాథ సూరి కాళిదాసు ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో కుక్క ఉండి ఉండదు. నేను ఆ ఒట్టు పెట్టుకోను.

మూలం. కుట్టు తడవరాదు. నాకరాదు. ఎగరరాదు. కాలర్ తీయరాదు. మాత్రలు 1-0-1, 1-0-0. 10వ రోజు తీసుకురావలెను.

టీక. కుట్టు = సూదీదారంతో కలిపినది. ఏకవచనమే గానీ ఒక్కటి కాదు. బొడ్డు కింద రెండంగుళాల కోత మీద నల్లటి నైలాన్ ముళ్లు అయిదు. ముడికీ బహువచనం ముళ్లే, ముల్లుకూ ముళ్లే కదా, ఇక్కడ రెండర్థాలూ సరిపోతాయి. కొసలు అట్ల గుచ్చుకుంటున్నాయి. ఇవి పైవి. లోపల కండ పొరకు వేసిన కుట్టు వేరే ఉంది, ఆ దారం కొన్ని వారాల్లో ఒంట్లోనే కరిగిపోతుంది. కుట్లలో నాలుగు రకాలని సుశ్రుతుడు చెప్పాడు: వేల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి. దేనికి దానికి విడివిడిగా ముడేసినవి కాబట్టి మావి ఋజుగ్రంథి అని నా నిర్ణయం. డాక్టరుగారిని అడిగితే నవ్వి, తర్వాతి మేకను పిలిచారు.

తడవరాదు. ఇక్కడ పాఠభేదం ఉంది. చీటీలో మూడో అక్షరానికి చిన్న తోక ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. తోక లేకపోతే ‘వ’, అంటే నీళ్లు తగలకూడదు. ఉంటే ‘మ’, తడమరాదు, అంటే చేత్తో నిమరకూడదు. రెండూ గ్రాహ్యాలే. ‘వ’ పాఠం ప్రకారం కుట్లు తీసేదాకా స్నానం బందు. నంద్యాల ఎండల్లో మా ఇంట్లో కూలర్ తిరుగుతుంది, దాని తుంపరలో పడుకోవడం రవ్వకు పరమానందం. తుంపర తడి కిందికి వస్తుందా రాదా అని మేం రెండ్రోజులు వాదించుకుని, చివరికి కూలర్నే జరిపాం. ‘మ’ పాఠం ప్రకారం, చూసిపోదామని వచ్చిన ప్రతివాళ్లూ “ఏదీ, యాడ కోసినారు?” అని వేలు పెట్టడం నిషేధం. పసుపు అద్దడమూ అంతే. రోజుకు రెండుసార్లు చూడడం మాత్రం విధి, చూపుకు నిషేధం లేదు. కొంచెం ఎరుపు, కొంచెం వాపు మొదటి రోజుల్లో సహజం. చీము, వాసన, ఆగని రక్తం, విచ్చుకున్న కోత కనిపిస్తే టీక పక్కన పడేసి నంద్యాల ఆటో ఎక్కాలి.

నాకరాదు. ఈ గ్రంథానికి ప్రాణం ఈ ఒక్క మాటలో ఉంది. నాకం అంటే స్వర్గం. నాక రాదు: నాకితే స్వర్గం రాదు అని శ్లేష.

పూర్వపక్షం మా జేజిది. “ఒరే అబ్బీ, యా కుక్కయినా పుండయితే నాక్కోక ఏం చేస్తాది? దాని నాలికే దానికి మందు. నోర్లేని జీవానికి బక్కెట్టు తగిలిస్తారా?”

దీనికి సమాధానం. ఉమ్ములో కొన్ని క్రిములను అడ్డుకునే గుణం ఉన్నమాట నిజమే. ఆ నోట్లోనే వందల రకాల క్రిములున్నమాటా నిజమే. పైగా నాలుక గరుకు. ఒక ముడి దొరికిందంటే పంటితో లాగుతుంది, ముడి ఊడితే కోత విచ్చుకుంటుంది. జేజి ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే మధ్యాహ్నమంతా పక్కన కూర్చుని విసనకర్ర కాడతో రవ్వ మూతిని అటు తిప్పుతూ ఉంది.

ఎగరరాదు. రెక్కల్లేనిదానికి ఇదేం నిషేధమని మా వాడి సందేహం. మంచం మీదికి ఎగరకూడదని లక్ష్యార్థం. పైచర్మం అతుక్కున్నా లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది, గంతులేస్తే కుట్టు కింద నీరు చేరుతుంది. మంచం కాళ్లు కోయలేం గనక మేమే చాపకు దిగాం.

కాలర్. ఇది చొక్కాది కాదు. తెల్లటి ప్లాస్టిక్ గరాటు. ఎలిజబెత్ రాణి (1558–1603) కాలంలో ఇంగ్లండు పెద్దింటివాళ్లు మెడచుట్టూ గంజిపెట్టిన కుచ్చుల పట్టీ కట్టుకునేవాళ్లు, ఆ పోలికతో దీనికి ఆమె పేరే పెట్టారు. రవ్వకు ఇది ఎంతమాత్రం రాజభోగం కాదు. గడపకు కొట్టుకుంటుంది, నీళ్లగిన్నెను తన్నేస్తుంది, వెనక్కి నడిస్తే వదులుతుందని వెనక్కి నడిచి గోడకు ఆనుకుంటుంది. ముందు పెద్ద గిన్నె మార్చి పళ్లెం పెట్టాం. అంచు దాటి నాలుక అందింది.

మా వీధి చివర శిల్పాలు చెక్కే ఆయన చూసి, ఉలి దించి అడిగాడు: “ఏంన్నా, ప్రభావళి దేవుడికి వెనక పెడతాం గానీ, నీ కుక్కకు ముందుకొచ్చిందేంది?” ఇంతకు మించిన వ్యాఖ్య నేను రాయలేను. రెండో పూటకు రవ్వ విసిగి, ముందుకాళ్లు మడిచి, గరాటు నేలకానించి కదలకుండా కూర్చుంది. నవనందులున్న జిల్లాకు పదో నంది. అలంకారం రూపకం. బాధ మాత్రం వాచ్యమే.

1-0-1. ఒకటి గురువు, సున్న లఘువు అనుకుంటే ఇది రగణం: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 1-0-0 భగణం, అది నొప్పి మాత్ర, రోజుకొక్కటే, కడుపులో ఏదైనా పడ్డాకే. రెండింటినీ పెరుగన్నపు ముద్దలో దాచిపెట్టాం. ముద్ద మాయమైంది, మాత్ర కడిగినట్టు పళ్లెంలో మిగిలింది. గణభంగం. తర్వాత బెల్లం ముక్కలో దాచితే సరిపోయింది. మన డబ్బాలో ఉండే బ్రూఫెన్ బిళ్లను జాలిపడి వేస్తే కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అది ఈ ఛందస్సులో లేని గణం.

10వ రోజు. “పదోరోజు అనే మాట ఇంట్లో ఎత్తొద్దు” అంది జేజి. ఆమె చెవికి పదోరోజు ఒక్కటే. 10 నుంచి 14 రోజుల్లోపు ఎప్పుడైనా కుట్లు తీయవచ్చు గనక శాస్త్రానికీ జేజికీ మధ్య తగవు లేకుండా పదకొండో రోజు బయల్దేరాం. తీసుకురావలెను అనే క్రియకు కర్మ లేదు. కుక్కనా, చీటీనా, డబ్బులనా? మూడూ తీసుకుపోయాం. మూడోదే ముందు అడిగారు.

చిన్న కత్తెర, అయిదు ముళ్లు, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కోత స్థానంలో సన్నటి గులాబీ గీత. గరాటు ఊడదీసి బల్ల మీద పెట్టగానే రవ్వ ఒళ్లంతా ఒకసారి విదిలించుకుని, వంగి, పొట్ట నాకడం మొదలుపెట్టింది. డాక్టరుగారు, “ఇంక ఫరవాలేదు, నాకనివ్వండి” అన్నారు. ఆటోలో శిరివెళ్ల దాటేదాకా జేజి నా మొహం చూస్తూనే ఉంది.

గద్య. ఇది ఆళ్లగడ్డ వాస్తవ్యుండును, శునక శుశ్రూషా నియుక్తుండును, పదకొండు రాత్రులు చాపమీఁద శయనించినవాఁడును నగు నా చేత రచింపఁబడిన కుట్టుసంజీవని యను టీకయందు సర్వంబు నేకాశ్వాసము.