నల్లా బంద్ చేసినవా?

హన్మకొండలో ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు చేసే ప్రతి పిల్లవాడికీ ఎక్కడో ఒకచోట ఒక మైక్రోఆంపు సారు తగులుతాడు. ల్యాబ్‌లో కావచ్చు, రిపేరు షాపులో కావచ్చు. గుర్తుపట్టడం తేలికే. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మల్టీమీటరు ప్రోబు ఉంటుంది. ఎన్‌ఐటీని ఇంకా ఆర్‌ఈసీ అనే అంటాడు. 2002లోనే పేరు మారింది కద సారూ అంటే, "పేరు మారితే ఓమ్ సూత్రం మారిందా?" అని ఎదురడుగుతాడు.

పెద్ద కరెంటంటే ఆయనకు చిన్నచూపు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలినా తలెత్తడు. కంటికి ఆనని కరెంటు మీదే ఆయన పగ.

మొన్న ఒక ఫైనలియర్ అబ్బాయి ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల తేమ చూసే పరికరం పట్టుకొచ్చాడు. అందులో అంకెల్ని వోల్టేజీగా మార్చే డాక్ చిప్ ఒకటుంది. గంటకోసారి లేచి పనిచేసి మళ్లీ పడుకుంటుంది.

"బ్యాటరీ ఎన్నొద్దులొస్తది?"

"కాయిన్ సెల్ సార్, 220 మిల్లీఆంపవర్లు. పవర్‌డౌన్‌ల డాక్ తినేది 0.2 మైక్రోఆంపులే. లెక్కేస్తే 125 ఏండ్లు."

"అంటే నీ మునిమనుమడు మారుస్తడన్నట్టు. గా అంకె ఏడ చూసినవ్?"

"డేటాషీట్ మొదటి పేజీల."

"మొదటి పేజీ పెండ్లిచూపులు బిడ్డా. సంసారం లోపలి టేబుల్ల ఉంటది."

ఆ టేబుల్లో రెఫరెన్స్ పిన్నుకు వేరే వరస ఉంది. ఆ పిన్ను నుంచి గ్రౌండుదాకా చిప్ లోపల రెసిస్టర్ల గొలుసు. పడుకోమంటే పడుకునేది అవుట్‌పుట్ ఆంప్లిఫయర్, రెసిస్టర్‌కు నిద్రెక్కడిది? గొలుసు మొత్తం 100 కిలోఓమ్‌లు, రెఫరెన్స్‌కు తగిలించింది సెల్‌లోని 3 వోల్టులే. అంటే 30 మైక్రోఆంపులు, రాత్రీ పగలూ. 125 ఏళ్లు కాస్తా పది నెలలకు దిగింది.

"ఇంటికి తాళమేసి మేడారం జాతరకు పోయినవ్. మరి నల్లా బంద్ చేసినవా?"

అబ్బాయి నమ్మలేదు. మీటరు మిల్లీఆంపుల్లో పెట్టి చూపించాడు: సున్నా. సారు సున్నాను నమ్మే మనిషా? రెఫరెన్స్ దారిలో 1 కిలోఓమ్ పెట్టి దాని మీద వోల్టేజీ కొలిచాడు. దగ్గర దగ్గర 30 మిల్లీవోల్టులు. దొంగను పట్టుకున్న ఎస్సైకి కూడా అంత సంతోషం ఉండదు. పడుకునేటప్పుడు రెఫరెన్స్‌ను తానే తెంచుకునే చిప్పులూ ఉన్నాయి, అబ్బాయి కొన్నది ఆ జాతి కాదు. "దారిల ఒక మాస్‌ఫెట్ పెట్టు. గదే నీ నల్లా తిప్పుడు" అని తేల్చేశాడు.

ఇంట్లోనూ ఇదే వరస. రాత్రి పదింటికి టీవీ, సెట్‌టాప్ బాక్సు, చార్జర్లు అన్నీ ప్లగ్గుల్లోంచి ఊడబీకాల్సిందే. గోడగడియారం వంక కూడా అనుమానంగానే చూస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం అబ్బాయి మాస్‌ఫెట్ పెట్టిన బోర్డు చూపిద్దామని ఇంటికి వెళ్లాడు. సారు సోఫాలో గుర్రు పెడుతున్నాడు.

"పండుకున్నడు బిడ్డా. ఇగ పిడుగు వడ్డా లేవడు" అంది ఆయన భార్య, చాయ్ గ్లాసులతో వస్తూ.

గురక ఆగలేదు. కళ్లు తెరుచుకోలేదు. కుడిచెయ్యి మాత్రం మెల్లగా సోఫా దాటి, గ్లాసు పట్టేంత వెడల్పున వేళ్లు తెరిచి గాల్లో నిలబడింది.

ఆమె ఆ చేతిలో గ్లాసు పెట్టి, అబ్బాయి వైపు తిరిగి అడిగింది:

"గీయనకు పెట్టే మాస్‌ఫెట్ దొరుకుతదా?"