కుడి చెవికి వార్తలు లేవు

బెంగుళూరులో ఉద్యోగం వెలగబెడుతున్న మావాడు సంక్రాంతికి కొండాపురం వచ్చి, నడవలో ఉన్న నా బల్లను ఆక్రమించాడు. దాని మీద డిజిటల్ పాటను శబ్ద సంకేతంగా మార్చే అగ్గిపెట్టెంత డాక్, దాని పక్కన యాంప్లిఫయరు, వాటికో ల్యాప్‌టాపు, అన్నింటికీ తలా ఒక అడాప్టరు. దొప్పల్లాంటి హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి, ఘంటసాల ఊపిరి తీసుకోవడం కూడా వినపడుద్దన్నాడు. నిజమే, వినపడింది. నేను అడిగింది ఒక్కటే: ఇందులో రేడియో యాడుంది?

"ఫోన్లో యాప్ ఉంది గదా నాయనా" అన్నాడు. ఉంది. విజయవాడ కేంద్రం అందులో తేటగా పలుకుతుంది. కాకపోతే ఆలస్యంగా పలుకుతుంది. ఆకాశవాణి గంటల బీప్‌లకు గోడ గడియారం సరిచేసుకునే ఇంట్లో ఇది చిన్న నేరం కాదు. పోనీ ఎఫ్ఎం అంటే, ఆ తరంగాలు దాదాపు కంటిచూపు ఆనినంత మేరే పోతాయి. మా మెట్ట చేలకు చేరేది గరగరే.

అందుకని పాత ట్రాన్సిస్టరు దించాను. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్‌జ్ మీద, నేలనంటుకుని నడిచే మీడియం వేవ్‌లో, పట్టపగలు కూడా మా ఊరికి వస్తుంది. లోపలి ఫెర్రైటు కడ్డీ కొస స్టేషను వైపు చూస్తే గొంతు పడిపోతుంది, అడ్డంగా పెడితే లేస్తుంది. మాకు విజయవాడ ఈశాన్యం, కడప నైరుతి. ఒక్క వాటంలో రెండూ పలుకుతాయి. ఇంతకు మించిన వాస్తు నేనెరగను.

మావాడి హెడ్‌ఫోన్ల పిన్ను దానికి గుచ్చాను. ఎడమ చెవిలో వార్తలు, కుడి చెవిలో నిశ్శబ్దం. రేడియోది మోనో రంధ్రమట, పిన్ను స్టీరియోదట. ఆ ఖాళీ చెవిని మా ఇంటావిడ వెంటనే వాడుకుంది. ధాన్యం ధర ఎడమ నుంచి, ఉప్పు నిండుకున్న కబురు కుడి నుంచి.

కావలిలో మోనో నుంచి స్టీరియోకు మార్చే పిన్ను దొరికింది. దాంతో రేడియోను యాంప్లిఫయరుకు కలిపి స్విచ్చి వేశాను. కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద! ఈ అడాప్టర్లు, ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి వాడుకుంటాయి. ఆ తుంపుల చప్పుడంతా మీడియం వేవ్ నెత్తినే పడుతుంది. అంటే ఘంటసాల ఊపిరి వినిపించే యంత్రమే విజయవాడ నోరు నొక్కుతున్నదన్నమాట. దీన్ని అభివృద్ధి అంటారు. పూర్వం కరెంటు పోతే తిట్టేవాళ్లం. ఇప్పుడు పోతే రేడియోకి ప్రాణం లేచొస్తున్నది, దానిలో ఉన్నవి బ్యాటరీలు గనక.

కావున కుటుంబ సభ్యులకు నా మనవి: పొద్దున వార్తలు అయ్యేదాకా ఈ ఇంట్లో ఎవరూ ఫోను ఛార్జింగుకు పెట్టరాదు, బల్బు వేయరాదు, బల్ల మీది సరంజామా ముట్టరాదు. ఉప్పు సంగతి వార్తలయ్యాక చెప్పవలెను, ఏ చెవిలోనైనా సరే.