ఆవ పెట్టిన యాపిల్

మా అత్తిలిలో యాపిల్ కొనుక్కు తినేవాళ్ళకంటే కొని రోగి చేతిలో పెట్టేవాళ్ళే ఎక్కువ. పెరట్లో గెల వేలాడే ఊళ్ళో పరామర్శకి అరటిపళ్ళు పట్టుకెళితే పరువుండదు మరి. మొన్న మా బావకి గాల్‌బ్లాడర్ తీసేశారు. విశ్రాంతికని అత్తారింట్లో, అంటే మా ఇంట్లో దిగాడు. అంతే, ఫ్రిజ్జులో పెరుగ్గిన్నెకి చోటు లేదు.

తండ్రిని చూడ్డానికి డల్లాస్ నుంచొచ్చిన మేనకోడలు, "అమ్మమ్మా, వీటితో యాపిల్ పై చేసేస్తాను" అంది.

"పండిన పండుని పొయ్యెక్కిస్తావా? ఏం పాపం చేసిందే?" అంది అమ్మ.

అమ్మ లెక్కలో కాయైతే వండాలి, పండైతే తినాలి. పనసనే తీసుకోండి. లేతకాయని, చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకుని, జిగురుతో కుస్తీ పట్టి పొట్టు కొడతారు. పసుపేసి ఉడికించి, నీళ్ళు పిండి, చింతపండు పులుసూ ఇంగువ పోపూ తగిలించి, దించి చల్లారాక అప్పుడు నూరిన ఆవ కలుపుతారు. వేడి మీద కలిపితే ఘాటు చస్తుంది. అదే పనస పండిందా, తొనలు ఒలుచుకోవడమే. మామిడిపండుక్కూడా పొయ్యి గతి లేదు. రసం తీసి చాప మీద పొర మీద పొర ఆరబోస్తే తాండ్ర సంగతి ఎండే చూసుకుంటుంది.

ఇంట్లో ఓవెన్ లేదు. పాత కుక్కరుకి గాస్కెట్టూ విజిలూ పీకి, అడుగున ఇసుక పోశాం. బావ మంచం మీంచే, "గోదారి ఇసుకేనా? కాలవ ఇసుకైతే వాసనొస్తుంది" అని పర్యవేక్షణ. "నూటఎనభై డిగ్రీలుండాలి" అని పిల్ల అంటే, అమ్మ జ్వరం చూసే థర్మామీటరు తెచ్చిచ్చింది.

పై చేయడానికి గ్రానీ స్మిత్‌లాంటి పుల్లటి, గట్టి యాపిల్ కావాలి. మా ఇంట పడ్డవి ఎర్ర డెలిషస్‌లు. నూరేళ్ళ కిందట శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో నాటిన జాతి. అంటే ఆ పండుదీ మా పిల్లదీ ఒకటే దేశం. అయినా మాట వినలేదు. వేడి తగలగానే మెత్తబడి, నీరొదిలి, పై కాస్తా పాయసమైంది. పిల్ల చెంచా వేసుకుని, "రస్టిక్‌గా వచ్చింది" అంది. అమెరికాలో మాడినా, చితికినా దానికో గౌరవప్రదమైన పేరుంటుందనుకుంటా.

అమ్మ మాట్లాడకుండా మిగిలిన వాటిల్లో గట్టివి ఏరి, చెక్కు తీసి సన్నగా తరిగింది. పసుపూ ఉప్పూ వేసి ఒక్క ఉడుకు రానిచ్చి, చింతపండు పిండి, పోపేసి, చల్లారాక ఆవ కలిపింది. ఆ ఘాటు వీధి గుమ్మం దాకా వెళ్ళింది. పథ్యం జావ తాగుతున్న బావ గిన్నె పక్కన పెట్టి లేచొచ్చాడు.

"అల్లుడుగారూ, డాక్టరు మీకు నూనె వద్దన్నాడండీ!"

"ఆయ్, నూనె వద్దన్నాడండి. ఆవ మాటెత్తలేదు కదండీ" అంటూ పోపు గింజలు వేలితో పక్కకి నెట్టి, కంచం లాక్కున్నాడు.