‘కుక్కలున్నవి జాగ్రత్త’కు టీకా తాత్పర్యం

మూలం: కుక్కలున్నవి జాగ్రత్త.

అవతారిక. అనంతపురం శివారు కాలనీల్లో గేటు గేటుకూ వేలాడే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. ‘కుక్క ఉంది జాగ్రత్త’, ‘కుక్కలు వున్నవి’ అన్న పాఠాంతరాలు మాత్రం ఉన్నాయి. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆయనకు కావ్యాలు దొరికాయి కాబట్టి సరిపోయింది. రెండు మాటల రేకుముక్క చేతికిస్తే ఆ నియమం ఎంతసేపు నిలిచేదో! సందర్భం ఇది: ఒక గృహస్థు దొంగల భయంతో మాస్టిఫ్ పిల్లను తెచ్చాడు. పిల్లకన్నా ముందే బోర్డు వచ్చింది.

ప్రతిపదార్థం. కుక్కలు = రెండు నెలల పిల్ల ఒకటి. ఉన్నది ఒకటే అయితే బహువచనమెందుకు? గౌరవార్థకమని కొందరంటారు. అది పొసగదు, పొద్దున చెప్పు కొరికినప్పుడు దానికి దక్కిన మాటల్లో గౌరవమేమీ లేదు. బరువును బట్టి వచ్చిన బహువచనమని చెప్పుకోవడమే న్యాయం. ఇంగ్లీష్ మాస్టిఫ్ మగది పెరిగితే 70 కిలోలు దాటడం మామూలు. 1989లో ఇంగ్లండులో జోర్బా అనే మాస్టిఫ్ 155 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఉన్నవి = ప్రస్తుతానికి మంచం కింద నిద్రపోతున్నవి. జాగ్రత్త = ఎవరికి? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

దొంగకు అంటాడు పూర్వపక్షి. చీకట్లో గోడ దూకేవాడు గేటు ముందు నిలబడి అక్షరాలు కూడబలుక్కుంటాడా? ఆ బోర్డును రోజుకు నాలుగుసార్లు దాటేది ఇంటి యజమాని ఒక్కడే. కనుక ‘ఓ గృహస్థా’ అనే సంబోధనను అధ్యాహారం చేసుకోవాలి.

తాత్పర్యం: ఓయి గృహస్థా, కుక్కను తెచ్చితివి, ఇక నీవు మేలుకొని ఉండవలయును.

ఆక్షేపం. పక్కింటి పెద్దాయన అరుగు మీద నుంచే అందుకున్నాడు: “అందరికీ మచ్చిక చేస్తే కాపలా ఎట్ల కాస్తుంది నాయనా? గొలుసేసి, మనిషి మొహం చూపించకుండా పెంచు, రోషం దానంతటదే వస్తుంది.”

సమాధానం. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారు. పిల్ల లోకాన్ని నేర్చుకునేది ముఖ్యంగా మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా. అక్కడే 1961లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పద్నాలుగు వారాల దాకా మనిషి స్పర్శ ఎరగని పిల్లలకు రోషం రాలేదు, బెదురొచ్చింది. బెదిరిన 70 కిలోల జంతువు దొంగనూ కరుస్తుంది, సెలవులకొచ్చిన మేనల్లుడినీ కరుస్తుంది.

కాబట్టి ఆ వారాల్లోనే పిల్లకు పాలాయన, హెల్మెట్టు, గొడుగు, తలపాగా, బురఖా అన్నీ చూపించాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కల మధ్య దింపకుండా ఎత్తుకుని తిప్పాలి. గ్యాస్ కుర్రాడు సిలిండరును గచ్చు మీద దొర్లిస్తే పిల్ల వెనక్కి జారి తోక ముడుస్తుంది. అప్పుడు జాలిపడి ఎత్తుకోనక్కర్లేదు, అదిలించనూ అక్కర్లేదు. దూరంగా నిలబెట్టి, సిలిండరు ఆగాక ఒక కోడిముక్క పెడితే చాలు. మామూలు చప్పుడేదో తెలిసినప్పుడే, నడిరాత్రి పెరటిగోడ మీద అడుగు కొత్తదని దానికి తడుతుంది. ‘రా’, ‘కూర్చో’, ‘వదులు’ అన్న మూడు మాటలూ ఇంట్లో అందరూ ఒకేలా పలకాలి. ‘పట్టుకో’ అన్న నాలుగోది నేర్పాలని తొందరపడేది ఇంటి కుర్రాడు. అది వాడికి చెప్పకపోవడమే మేలు.

దేశకాలాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని సీమ ఇది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు ఒగర్పే చల్లబడే ముఖ్యమైన మార్గం. బజారులో ఎక్కువగా దొరికే ఫ్రెంచ్ మాస్టిఫ్, బుల్ మాస్టిఫ్‌లకు మూతి పొట్టి, ఒగర్పు చాలదు. వాకిట్లో పరిచిన తాడిపత్రి బండ మీద అరచేతి వెనకవైపు ఆనించి అయిదు సెకన్లు ఓర్చుకోలేకపోతే పిల్లనూ దింపకూడదు. నడక తెల్లారకముందే. ఎముకల బలానికని డాక్టరును అడక్కుండానే కాల్షియం పొడి పోయరాదు. నెదర్లాండ్స్‌లో గ్రేట్ డేన్ పిల్లలకు మోతాదు మించి కాల్షియం పెట్టి చూస్తే ఎముకలే దెబ్బతిన్నాయి.

విశేషం. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు కురుబల గొర్రెల మందల వెంట కుక్కలుంటాయి. శెనగచెట్టు పీకేసిన చేలల్లో ఎరువు కోసం మంద కట్టిన రాత్రి, తోడేలు అలికిడికి ముందు లేచేవి అవే. వాటికి శిక్షకుడెవరూ లేడు. గొర్రెల మధ్యే పెరిగాయి, సంగటి తిన్నాయి. అమెరికాలో రేమండ్ కాపింజర్ 1970ల చివర్లో ఇటలీ, టర్కీ జాతుల పిల్లల్ని గొర్రెల మధ్య పెంచి తేల్చినదీ ఇదే: మందను అంటిపెట్టుకోవడం ముందు, దాన్ని బాధించకపోవడం తర్వాత, శత్రువును ఎదిరించడం ఆఖరున. ఇంటికాపలాకూ ఇదే వరస. గృహస్థులు ఆఖరిదానితో మొదలుపెడతారు.

ఇక ధర్మశాస్త్రం. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ మాస్టిఫ్‌లతో సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు రాసింది. సంబంధించినవాళ్లతో సంప్రదించలేదంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులరును కొట్టేసింది. అంతమాత్రాన యజమాని బాధ్యత తీరలేదు. మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన గడువుల్లో తిరిగి వేయించడం ఎటూ తప్పదు. పెంపుడు జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా తగిన ఏర్పాటు చేయకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బోర్డు పెట్టాను కదా అని గృహస్థు అనవచ్చు. ప్రమాదమని ముందే తెలిసి రాయించావన్నమాట అని ఎదుటి వకీలు అదే బోర్డు ఫోటోను జడ్జిగారికి అందించవచ్చు.