మూడో శనివారం మహాత్ములు

కర్నూలు జిల్లా కోసిగి మండలంలో సమాజసేవ చేయదలచిన పెద్దలకు మొదట ఒక శుభవార్త. పొరక మీరు తెచ్చుకోనక్కర్లేదు, పంచాయతీ వాళ్లే తెస్తారు. కొత్తది, కట్ట విప్పనిది. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు, నెత్తికి టోపీ, వెనక బ్యానరు కూడా వాళ్లవే. బ్యానరు మీద మన ముఖం పక్కవాడి ముఖం కంటే చిన్నదిగా పడలేదు కదా అని చూసుకోవడం ఒక్కటే మన వంతు శ్రమ.

2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ‘స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర’ మొదలుపెట్టారు. అప్పటి నుంచి నెలలో మూడో శనివారం శుభ్రతకు ముహూర్తం. తక్కిన రోజులన్నీ వర్జ్యం.

ఆ ముహూర్తం ఎట్లా గడుస్తుందో ఎవరైనా ఒక్కసారి బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చుని చూడాలి. పారిశుద్ధ్యం పనిచేసే ఆమె తెల్లవారుజామునే, రోజూ చేసినట్టే, అక్కడంతా ఊడ్చేసి పోయింది. ఏడున్నరకు వచ్చిన చిన్న ఉద్యోగికి గుండె గుభేలుమంది.

“ఏమ్మా, అంతా ఊడ్చేస్తివా? ఇంక సార్లొచ్చి ఏం ఊడ్చాల?”

“రోజూ ఊడ్చేదే కదా సారూ.”

“రోజూ వేరు, ఈ పొద్దు వేరు. పో, ఆ తట్టలో ఆకులు తెచ్చి ఈడ చల్లు. ప్లాస్టిక్కు వద్దు, ఎండాకులే చల్లు. ఫోటోలో నీటుగా ఉండాల.”

ఆమె చల్లింది. తొమ్మిది దాటాక బండ్లు వచ్చాయి. ప్రతిజ్ఞ చదివారు. పదిమంది నిలబడే జాగాలో పాతికమంది నిలబడి, ఒకరి కాళ్ల మీదికి ఒకరు ఊడ్చుకున్నారు. ఒక పెద్దమనిషి పొరకను తలకిందులుగా పట్టుకుంటే ఫోటోగ్రాఫరే వచ్చి సరిచేశాడు. పరిసరాల పరిశుభ్రతలో ఆ ఉదయం జరిగిన నికరమైన శిక్షణ అదొక్కటే. తర్వాత ఉగ్గాని, బజ్జి. ఉగ్గాని తిన్న ప్లేట్లు, నీళ్లు తాగిన ప్యాకెట్లు ఎక్కడివక్కడ వదిలి బండ్లు కదిలాయి. స్వచ్ఛతకు ముందు తట్టెడు చెత్త, స్వచ్ఛత తర్వాత మూడు తట్టలు. ఆమె మళ్లీ పొరక అందుకుంది. ఈసారి ఫోటో తీసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి పని తొందరగా అయింది.

ఆమెను ప్రభుత్వాలు పట్టించుకోలేదని అనడానికి నోరు రాదు. ఒకరొచ్చి గ్రీన్ అంబాసిడర్ అన్నారు, ఇంకొకరొచ్చి క్లాప్ మిత్ర అన్నారు. ఆమె తోసే బండి మాత్రం బండే. ఇచ్చేది జీతమైతే నెల తిరగ్గానే ఇవ్వాలి. గౌరవ వేతనం కాబట్టి గౌరవంగా, ఎవరినీ తోసుకోకుండా, నిదానంగా నడిచి వస్తుంది. ఆమె ఎత్తిన చెత్తతో ఎరువు చేయాలని ఊరూరా ఊరి బయట ‘సంపద తయారీ కేంద్రం’ అని రేకుల షెడ్డు కట్టారు. వాటిలో సంపద తయారు కాలేదని పత్రికలు రాయడం అన్యాయం. తయారైంది. కాకపోతే షెడ్డు కట్టేటప్పుడే అయిపోయింది.

మన దేశంలో సేవకు ఒక పుట్టినరోజు ఉంది, అక్టోబరు 2. సమాజ వికాస పథకం 1952లో ఆ రోజే పుట్టింది. స్వచ్ఛ భారత్ 2014లో ఆ రోజే. మన రాష్ట్రంలో ‘జన్మభూమి – మా ఊరు’ అదే ఏడు, అదే రోజు. గ్రామ సచివాలయాలు 2019లో ఆ రోజే, జగనన్న స్వచ్ఛ సంకల్పం 2021లో ఆ రోజే. మరుగుదొడ్డి తానే కడుక్కున్న మనిషి పుట్టినరోజును, ఎవరిచేత కడిగించాలా అని ఆలోచించే రోజుగా మార్చుకున్నాం. 2009లో కూడా ఒక అక్టోబరు 2 వచ్చింది. తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. బ్యానరు అచ్చు వేయించే వ్యవధి లేదు. మేడల మీద చిక్కుకున్నోళ్లకు అన్నం పొట్లాలు కట్టిన ఆడోళ్లు ఫోటోకు నిలబడలేదు. అందుకే దాన్ని సేవ పద్దులో ఎవరూ రాసుకోలేదు.

పాత కాగితాలు తిరగేస్తే ఇంకా సరదాగా ఉంటుంది. 1997 జనవరిలో వచ్చిన జన్మభూమిలో ఊరి వాటా అని ఒకటి ఉండేది. రోడ్డు కావాలన్నా బడిగది కావాలన్నా ఊరివాళ్లు డబ్బుగానో పనిగానో కొంత వేసుకోవాలి. చాలాచోట్ల ఆ వాటాను పని పట్టిన కాంట్రాక్టరే కట్టేసేవాడు. ఊరి మీద అంత ప్రేమ. ఆ ప్రేమ ఎంత గాఢమో సిమెంటులో ఇసుక పాళ్లు చూస్తే తెలిసేది. ఆ కాలంలోనే కమిటీలు కూడా వాన లేకుండానే మొలిచాయి. కాలువకు 1997 చట్టంతో నీటి సంఘం, బడికి 1998 చట్టంతో విద్యా కమిటీ, అడవికి వన సంరక్షణ సమితి, మెట్టకు వాటర్‌షెడ్ కమిటీ. కమిటీలు ఎన్నైనా ఊళ్లో పెద్దమనుషులు ఆ ఐదారుగురే. కాబట్టి ఒకే ఆసామి పొద్దున అడవిని కాపాడి, మధ్యాహ్నం నీళ్లు పంచి, సాయంత్రానికి చదువును ఉద్ధరించేవాడు. అడవి ఉండినచోట ఇప్పుడు కంపచెట్లు ఉన్నాయి. నీళ్ల సంగతంటారా, తుంగభద్ర దిగువ కాలువలో మన వాటా కాగితం మీద 24 టీఎంసీలు. కాగితం తడవకుండా భద్రంగా ఉంది.

ఆ తర్వాత సేవకు నెలజీతం పెట్టిన కాలం వచ్చింది. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్లకొక వాలంటీరు, నెలకు 5,000 రూపాయలు. ఏటేటా సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని బిరుదులు, శాలువాలు. డిగ్రీ చదివిన పిల్లకు ఉద్యోగం ఇవ్వలేకపోతే వజ్రం అని పిలవడం చవకే కదా. ఒకటో తారీఖు కోడి కూయకముందే ముసలోళ్ల తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టిన మాట నిజం. ఆ ఇంటి ఓటు ఏ పక్కకు వాలుతుందో పుస్తకంలో రాసుకోమన్నారన్న మాటా లోకం అనుకున్నదే. 2024 ఎన్నికల ముందు పింఛన్లు పంచొద్దని ఎన్నికల సంఘం వాళ్లను పక్కన పెట్టింది. కొందరిచేత రాజీనామాలు ఇప్పించినవారు ఒకవైపు, గెలిస్తే 10,000 ఇస్తామన్నవారు ఇంకోవైపు. గెలిచాక చూస్తే, 2023 ఆగస్టు తర్వాత ఆ వ్యవస్థను పొడిగించిన ఉత్తర్వే లేదని తేలింది. లేని మనుషులకు పదివేలు ఎట్లిస్తారు? పైసా ఖర్చు లేకుండా నిలబెట్టుకున్న వాగ్దానం దేశ చరిత్రలో ఇదొక్కటే కావచ్చు.

ఇక అసలు మాటకొద్దాం. మూడో శనివారం మహాత్ముడికి పని లేకపోయినా ఫోటో ఉంటే చాలు. ఉపాధి హామీ కూలీకి పని చేసినా ఫోటో లేకపోతే చాలదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దేశంలోనే మొదటగా మొదలైన ఆ పనిని మనవైపు కరువు పని అంటారు. 2023 జనవరి 1 నుంచి ఆ పనికి ఫోన్ యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. పొద్దున ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి, అదీ పని జాగాలోనే నిలబడి. ఎర్రమట్టి గుట్ట పక్కన గడ్డపార పట్టుకున్న ఆడమనిషి సిగ్నల్ కోసం ఆకాశం వైపు చూస్తుంది. ఒకప్పుడు వాన కోసం చూసేవాళ్లు. మట్టి తవ్విందనడానికి గుంత సాక్ష్యం పనికిరాదు, ఫోటోనే సాక్ష్యం. నాయకుడు మొక్క నాటాడనడానికి ఫోటో సాక్ష్యం ఉంటుంది, గుంత ఉండదు. ఆ యాప్‌ను మంత్రులకూ అధికారులకూ పెట్టి, మొక్క నాటిన చోటే ఆర్నెల్ల తర్వాత రెండో ఫోటో దిగితేనే మొదటి ఫోటో చెల్లుతుందని ఒక్క జీవో తెస్తే, రాష్ట్రంలో నర్సరీల ఖర్చు చాలావరకు తగ్గిపోతుంది.

దానం ఉన్నవాడిని అడగాలన్నది లోకరీతి. ఇక్కడ రెక్కలు తప్ప ఏమీ లేనివాళ్లను శ్రమ దానం చేయమంటారు. వంక పూడ్చి ప్లాట్లు వేసినవాడిని ఆ వంక దానం చేయమని ఏ ప్రతిజ్ఞలోనూ రాయరు. పోనీ, దానం ఇద్దామన్నా ఆ రెక్కలు ఊళ్లో ఉంటే కదా. దసరా దాటితే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో వీధులకు వీధులు ఖాళీ. పత్తి ఏరడానికి తెలంగాణకు, మిరపకాయ కోతకు గుంటూరు, పల్నాడు వైపుకు, కట్టుబడి పనికి బెంగళూరుకు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. జొన్నపిండి మూట, మసి పట్టిన గిన్నెలు, చంకన పిల్ల. తలుపుకు తాళం.

మన కాలేజీ జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) పిల్లలు ఏడు రోజుల క్యాంపు వేసుకుని సరిగ్గా ఆ కాలంలోనే వస్తారు. 1969లో పుట్టిన పథకం, రెండేళ్లలో 240 గంటల సేవ చూపించాలి, సర్టిఫికెట్‌కు పనికొస్తుంది. పిల్లలు మంచివాళ్లే, తప్పు వాళ్లది కాదు. గడప గడపకూ అక్షరాస్యత ప్రచారం చేయమంటారు. గడపకు తాళం. చేసేదిలేక, చదవడం రానివాళ్ల ఇంటి తాళానికి, చదువుకోండి అనే కరపత్రం గుచ్చి వస్తారు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. అమ్మానాయనలు బస్సెక్కాక తీరిగ్గా వాటి అనుమతి కాగితం రావడమే తరచూ చూసేది.

ఆ వీధిలో మిగిలిన అవ్వ కొంగుకు నాలుగిళ్ల తాళంచెవులు వేలాడుతుంటాయి. తన మనవరాలితో పాటు పక్కింటి ఇద్దరు పిల్లలకూ రొట్టె కాలుస్తుంది. ఎదురింటి మేకలకు ఆకేస్తుంది. ఒక పిల్లోడికి జ్వరం తగిలితే ఆటోవాడు ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతాడు, బాడుగ ఉగాదికి ఇస్తే చాలంటాడు. ఈ అవ్వ ఏ కమిటీలో లేదు. వేలిముద్ర అరిగి పింఛను మిషనుకే ఆనవాలు దొరకని మనిషికి కమిటీలో సంతకం ఎక్కడిది?

జనంలో సేవాభావం లేదని సమీక్షల్లో వాపోయే అధికారులు ఒక్కసారి పీర్ల పండగకు రావాలి. చందా ఎవరింటిది ఎంతో రాసిన కాగితం ఉండదు, ఒక్క రూపాయి తగ్గదు. సేవాభావం మరీ ఎక్కువైతే ఏమవుతుందో చూడాలనుకుంటే విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు పోవచ్చు. మాళ మల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాలను కాపాడటానికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు కర్రలు పట్టుకుని సిద్ధం. రావద్దని, కర్రలు తేవద్దని పోలీసులు ఏటా బతిమాలుతారు. రమ్మని బతిమాలే మీటింగు మనది, వద్దన్నా వచ్చే జనం అక్కడ.

కాబట్టి సర్కారుకు ఒక మనవి. వచ్చే సుగ్గి కాలంలో కోసిగి వాళ్ల మూడో శనివారం కోసిగిలో పెట్టకండి. ఎండాకులు చల్లే మనిషి తప్ప ఇక్కడెవరూ దొరకరు. బ్యానరును నాలుగు వందల కిలోమీటర్లు మోసుకుపోయి గుంటూరు వైపు మిరపచేలలో కట్టండి, జనమంతా అక్కడే ఉంటారు. గ్లౌజులు మాత్రం మీకొద్దు, కూలీలకు ఎవరూ ఇవ్వలేదు. ఒక పూట, ఒక్క సాలు కోయండి. కోసిన చేత్తో పొరపాటున కన్ను నలుపుకున్నా నష్టం లేదు, ప్రజల కష్టం చూసి నాయకుడు కంటతడి పెట్టినట్టు ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది.