ఇల్లరికపు విండోస్

మ్యాక్‌బుక్ కొన్నవాడికి మొదటి నెలంతా గర్వం, రెండో నెల నుంచి విండోస్ మీద బెంగ. ఈ జబ్బు అమెరికాలోనూ ఉంది, హైదరాబాదులోనూ ఉంది. కానీ వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల ఉన్న మన ఉద్దానంలో దీనికి సొంత కారణాలున్నాయి. అక్కడివాళ్లకు విండోస్ కావాల్సింది ఆటలకో, ఆఫీసు ఫైళ్లకో. ఇక్కడ కావాల్సింది జీడిపిక్కల లెక్కకీ, పెళ్లి శుభలేఖకీ, టెండరు మీద పెట్టే డిజిటల్ సంతకానికీ. బెంగ మొదలవగానే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ప్యారలల్స్ మంచిదా, వీఎంవేర్ ఫ్యూజన్ మంచిదా, ఊరికే దొరికే యూటీఎం సరిపోతుందా? నన్నడిగితే ఈ ప్రశ్నే తలకిందులుగా ఉంది. ఆ ఎంపిక మన చేతుల్లో లేదు. మనం నడపాల్సిన వాటిలో అన్నిటికంటే పాత ప్రోగ్రామూ, మనం గుచ్చాల్సిన వాటిలో అన్నిటికంటే చిన్న పరికరమూ కలిసి ఆ సంగతి ఎప్పుడో తేల్చేశాయి. మనం చేయాల్సిందల్లా వాటి తీర్పు ముందుగా తెలుసుకోవడం, డబ్బు ఆ తర్వాత ఖర్చుపెట్టడం. మనం సాధారణంగా దీన్ని వెనక నుంచి ముందుకు చేస్తాం.

వర్చువలైజేషన్ అంటే మ్యాక్ ఇంటికి విండోస్‌ని ఇల్లరికం తెచ్చుకోవడమే. ఇల్లు మ్యాక్‌ది, పెత్తనం మ్యాక్‌ది, అల్లుడికి ఒక గది. తిండి దగ్గర మాత్రం ఆయన మొహమాటపడడు. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి కావాలని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది. పెళ్లిచూపుల్లో చెప్పే ‘కనీసం’ ఎలాంటిదో పెళ్లయినవాళ్లకు తెలుసు. 2024 అక్టోబరు దాకా మ్యాక్‌బుక్ ఎయిర్‌లో చవక రకం 8 జీబీతో వచ్చేది. అందులో సగం అల్లుడి విస్తట్లో వేస్తే మిగతా సగంతో మ్యాకూ దాని బ్రౌజరూ సంసారం ఈదాలి. పోనీ తర్వాత ఇంకాస్త ర్యామ్ వేయిద్దామంటే యాపిల్ సొంత చిప్పున్న మ్యాక్‌లలో అది కుదరదు. కొన్ననాడు ఎంతో చివరిదాకా అంతే. అందుకని 8 జీబీ మ్యాక్ ఉన్నవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వాదించుకోవడం అనవసరం. వాళ్లకి ఏదైనా ఒకేలా నత్తనడక నడుస్తుంది.

ఇంతకీ ఈ ఇల్లరికం మధ్యలో కొన్నేళ్లు ఇంత చిక్కు వ్యవహారం కాదు. 1997లో కనెక్టిక్స్ అనే కంపెనీ వర్చువల్ పీసీ తెచ్చినప్పుడు మ్యాక్‌లో ఉన్నది పవర్‌పీసీ చిప్పు, విండోస్‌కి వచ్చింది ఇంటెల్ భాష. ప్రతి ఆజ్ఞనీ అనువదించాలి కాబట్టి చాలా నెమ్మది. 2006 జనవరిలో యాపిల్ ఇంటెల్ చిప్పులకు మారడంతో అనువాదం అవసరం తీరిపోయింది. ఆ ఏడాదే మ్యాక్ పెట్టెను నేరుగా విండోస్‌తో నడిపించే బూట్ క్యాంప్, దానితోపాటు ప్యారలల్స్ వచ్చాయి. 2007లో వీఎంవేర్ ఫ్యూజన్ వచ్చింది. మ్యాక్‌లో విండోస్ నడిపినవాళ్లకు ఆ కాలమే స్వర్ణయుగం. ఇప్పటికీ స్నేహితులు ఇచ్చే సలహాల్లో చాలా మట్టుకు ఆ యుగానివే, అందుకే పనిచేయవు. 2020 నవంబరులో ఎం1 చిప్పు వచ్చింది, దానితో బూట్ క్యాంప్ పోయింది. ఇప్పుడు ఈ మ్యాక్‌లలో మామూలు వేగంతో నడిచే విండోస్ ఒక్కటే, ఆర్మ్ చిప్పుల కోసం రాసిన విండోస్. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను ఆ విండోసే లోపల అనువదించుకుంటుంది, ఈసారి వేగంగానే. కానీ ఆ అనువాదం ప్రోగ్రాములకే. ప్రింటరు, టోకెను, కాటా లాంటి పరికరాలను నడిపే డ్రైవర్లు అనువాదానికి లొంగవు. అవి ఆర్మ్ కోసం విడిగా రాసినవే అయ్యుండాలి. మన కథలో మలుపంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ప్రకటనల్లో మాత్రం ఇది ఎక్కడా పెద్దక్షరాల్లో కనిపించదు.

పలాస జీడి వ్యాపారాన్నే తీసుకోండి. పిక్కలు 80 కిలోల బస్తాల్లో కొంటారు. పప్పుని డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులుగా అమ్ముతారు; 320 అంటే పౌనుకి తూగే నిండు పప్పుల లెక్క. మధ్యలో బద్ద, ముక్క, తరుగు. రైతు దగ్గర పిక్క కొంటే జీఎస్టీ కట్టాల్సింది అమ్మిన రైతు కాదు, కొన్న వ్యాపారి. దాన్నే రివర్స్ ఛార్జి అంటారు. ఇంత భాగవతం నడిపేది ట్యాలీ. 1986లో మొదలైన బెంగళూరు కంపెనీ సరుకది. ట్యాలీప్రైమ్ విండోస్ మీద నడిచేందుకు రాసింది, దానికి మ్యాక్ రూపం లేదు. చిత్రమేమిటంటే ఎం1 చిప్పూ ట్యాలీప్రైమూ ఒకే నెలలో, 2020 నవంబరులో వచ్చాయి. ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. “మా గుంటడు లక్షన్నర పోసి కొన్నాడు గదా, దాన్లో ట్యాలీ ఎందుకు రాదేటి?” అని జీడి వ్యాపారి అడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. లక్షన్నరకు పలాసలో ఏది కొన్నా లెక్క రాసుకోవడానికి పనికి రావాలి.

ట్యాలీ ఒక్కటే అయితే గొడవ లేదు, అది ప్రోగ్రాము కాబట్టి అనువాదం దారిలో నడవాలి. డబ్బు పెట్టకముందే పరీక్షించుకునే వీలూ ఉంది. ట్యాలీలో ఎడ్యుకేషనల్ మోడ్ అని ఉచితంగా ఒకటుంటుంది. అందులో నెలలో మొదటి రెండు తేదీలు, చివరి తేదీ తప్ప మరో రోజున వోచరు రాయనివ్వదు. పరీక్షకు అది చాలు. కొంతమంది వ్యాపారం కూడా ఆ మూడు రోజుల్లోనే చేసినట్టు లెక్కలు చూపిస్తారని వినికిడి, అది మన విషయం కాదు. చిక్కు వచ్చేది ట్యాలీ చుట్టూ ఉన్న సరంజామాతో. బిల్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కాటా నుంచి తూకం తెచ్చే కేబులు, వాటన్నిటికీ పెద్దదైన డీఎస్సీ టోకెను. డీఎస్సీ అంటే శ్రీకాకుళం జిల్లాలో ముందు గుర్తొచ్చేది టీచరు ఉద్యోగం. ఇది ఆ డీఎస్సీ కాదు, డిజిటల్ సంతకం. ఓపిక మాత్రం దానికీ దీనికీ సమానమే. కంపెనీల రిటర్నులకు, ప్రభుత్వ టెండర్లకు ఈ వేలెడంత టోకెను గుచ్చనిదే పని జరగదు. దాని డ్రైవరు ఆర్మ్ విండోస్‌కి ఉంటే సరే, లేకపోతే వర్చువల్ మిషన్ ఎన్ని వేలు పెట్టి కొన్నదైనా టోకెనుని గుర్తుపట్టదు. కొన్ని టోకెన్లకు తయారీదారులు నేరుగా మ్యాక్ డ్రైవరు ఇస్తారు. అలాంటప్పుడు విండోస్‌ని మధ్యలోకి లాగకుండా సంతకం మ్యాక్‌లోనే పెట్టేయొచ్చేమో చూడాలి. కాబట్టి కొనేముందు చదవాల్సింది ప్యారలల్స్ గుణగణాలు కాదు, టోకెను వెనకున్న పేరు.

శుభలేఖ కథ ఇంకా ముచ్చటైనది. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో కార్డు కొట్టాలంటే మన తెలుగు డీటీపీకి అలవాటైన జంట పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ మొదట పుట్టింది ఎక్కడనుకున్నారు? 1985లో, ఆల్డస్ కంపెనీలో, మ్యాకింటాష్ మీదే. డెస్క్‌టాప్ పబ్లిషింగ్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన జంట అదే, పేజ్‌మేకరూ మ్యాకూ. 1994లో అడోబీ ఆల్డస్‌ని కొనేసింది, 2001లో 7.0 తెచ్చింది, అదే ఆఖరిది. ఆ తర్వాత ఇన్‌డిజైన్‌కి మారమని ప్రపంచాన్నంతా బతిమాలింది. ప్రపంచం మారింది, మన డీటీపీ బల్లలు చాలా చోట్ల మారలేదు. దాంతో ఇవాళ మ్యాక్‌లో పుట్టిన పేజ్‌మేకర్‌ని మ్యాక్‌లోనే నడపడానికి నడుమ విండోస్‌ని కొనుక్కొని పెట్టాల్సి వస్తోంది. ఆడపిల్ల పుట్టింటికి రావడానికి పక్కింటాయన పూచీకత్తు అడిగినట్టుంది. అదీ నడుస్తుందా అంటే, 32 బిట్ల ప్రోగ్రాము కాబట్టి ఆర్మ్ విండోస్ అనువదించగలిగే కోవలోదే. 16 బిట్ల నాటి పనిముట్లు మాత్రం ఆర్మ్ అనే కాదు, ఏ 64 బిట్ విండోస్‌లోనూ నడవవు. పాత లిపి ప్యాకేజీకి తాళంగా యూఎస్‌బీ డాంగిల్ ఉంటే మళ్లీ డ్రైవరు గండమే. పాత ప్రోగ్రామే తీర్పు చెప్తుందని ముందు అన్నది ఇందుకే.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, ‘ఇదంతా ఎందుకు, మ్యాక్‌కి తెలుగు వచ్చు కదా, యూనికోడ్‌లో కొట్టుకోండి’ అంటాడు. కొత్తగా కొట్టేదంతా యూనికోడ్‌లోనే కొట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఊళ్లో ప్రతి ఇంటి శుభలేఖా, గుడి కమిటీ రసీదు పుస్తకమూ, దినకర్మ కార్డూ అను లిపి ఫైళ్లుగా డీటీపీ షాపు హార్డ్‌డిస్కులో ఉన్నాయి. పేర్లూ తేదీలూ మార్చి మళ్లీ కొట్టడమే అక్కడి వ్యాపారం. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లున్నాయి, మార్చాక ఒత్తులు సరిచూసే మనిషే దొరకడు. పైగా మ్యాక్‌కి తెలుగు వచ్చన్న ధీమా మీద 2018 ఫిబ్రవరిలో ఒక మచ్చ పడింది. ‘జ్ఞా’ అనే అక్షరం మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కూలిపోయాయి. ఆ నెల 19న యాపిల్ సవరణలు పంపి మర్యాద కాపాడుకుంది. అంత కంపెనీని ఒక్క సంయుక్తాక్షరం గడగడలాడించిందంటే మనకు లోలోపల కాస్త సంతోషమే, ఒప్పుకుందాం.

సరే, ప్రోగ్రాములూ పరికరాలూ లెక్క తేలాయి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. ప్యారలల్స్ సుఖం, అందులో సందేహం లేదు. విండోస్‌ని అదే దించుకుంటుంది, అదే అమరుస్తుంది, విండోస్ ప్రోగ్రాము మ్యాక్ ప్రోగ్రాముల మధ్య కిటికీ తెరిచి కూర్చుంటుంది. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్యారలల్స్ పేరు చెప్పి మరీ, అందులో ఆర్మ్ విండోస్ 11 నడపడానికి అధికారికంగా ఒప్పుకుంది. ఇబ్బందల్లా ఖర్చు, మామూలుగా ఏటా కట్టే చందా. ప్యారలల్స్‌ని 2018లో కొన్నది కోరెల్, మన ఫ్లెక్సీ షాపుల్లో తిరిగే కోరెల్‌డ్రా వాళ్లే. 2022లో ఆ సంస్థ తన పేరు అలూడో అని మార్చుకుంది. ఫ్యూజన్ మాటకొస్తే, 2023లో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక 2024 మే నుంచి సొంత వాడకానికి ఉచితం చేసింది, అదే ఏడాది నవంబరు నుంచి వ్యాపారానికీ ఉచితమే. దించుకోవాలంటే బ్రాడ్‌కామ్ సైటులో ఖాతా తెరవాలి. అది రేషన్ కార్డులో పేరు చేర్పించడం కంటే ఒక్క మెట్టు సులభం. యూటీఎం ఓపెన్ సోర్సు, ఇంటెల్ విండోస్‌ని కూడా అనుకరించగలదు, అయితే వర్చువల్ పీసీ రోజులు గుర్తొచ్చేంత నెమ్మదిగా. వర్చువల్‌బాక్స్ ఆర్మ్ మ్యాక్‌ల దగ్గరికి ఆలస్యంగా వచ్చింది, దాని సంగతి ఇక్కడితో చాలు. క్రాస్‌ఓవర్ వేరే జాతి. అది విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాములను నడిపిస్తుంది, లైసెన్సు ఖర్చు తప్పుతుంది. కానీ యాపిల్ చిప్పుల మీద అది ఆధారపడే యాపిల్ అనువాద పనిముట్టు రోసెట్టాని పూర్తి స్థాయిలో మ్యాక్‌ఓఎస్ 27 దాకానే ఉంచుతామని యాపిల్ 2025లో చెప్పేసింది. పదేళ్ల పద్దులను దాని భుజాన పెట్టలేం. ఇక లైసెన్సు మాట వచ్చింది కాబట్టి, ఫ్యూజన్ ఉచితమంటే విండోస్ ఉచితమని కాదు. లక్షన్నర పెట్టి మ్యాక్ కొని, విండోస్ దగ్గర మాత్రం ‘క్రాకు దొరుకుతుందా బాబూ’ అని అడిగే ఉదార హృదయాలు మన దగ్గర చాలానే ఉన్నాయి.

ట్యాలీని క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే ఈ తలనొప్పే ఉండదు కదా అనేవాళ్లున్నారు. మంచి వాదనే, బెంగళూరులో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి తీరంలో లెక్కల పుస్తకాన్ని నెట్టు కనెక్షన్ చివర వేలాడదీయడం నాకు రుచించదు. వర్చువల్ మిషన్‌లో ఆ సుఖం ఉంది: విండోస్ మొత్తం ఒక ఫైలుగా ఉంటుంది, తుపాను హెచ్చరిక రాగానే బయటి డిస్కులోకి ఎత్తుకోవచ్చు. న్యాయంగా చెప్పాలంటే పద్దుల వరకే అయితే ట్యాలీ బ్యాకప్ చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది, దానికి మ్యాకూ అక్కర్లేదు, వర్చువల్ మిషనూ అక్కర్లేదు.

ఆ మాటే ఇంకొంచెం సాగదీస్తే అసలు ఆక్షేపణ వస్తుంది: సెకండ్‌హ్యాండ్ విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి పడేసుకుంటే పోలా? డీఎస్సీ టోకెను, కాటా కేబులు, పాత డాంగిల్, వీటిలో ఏ ఒక్కటి తప్పనిసరైనా నా తీర్పు కూడా అదే. ఏళ్ల తరబడి కట్టే చందా, విండోస్ లైసెన్సు, ఎక్కువ ర్యామ్ కోసం యాపిల్ వసూలు చేసే అదనం కలిపి చూడండి. ఆ డబ్బుకు ఇంటెల్ చిప్పున్న వాడేసిన విండోస్ పెట్టె వచ్చే అవకాశం ఎక్కువ, పైగా డ్రైవర్ల గొడవ ఉండదు. పరికరాలేవీ లేకుండా ప్రోగ్రాములు మాత్రమే నడపాలంటే 16 జీబీ మ్యాక్‌లో ముందు ఫ్యూజన్‌తో మొదలుపెట్టండి. అది సతాయిస్తేనే ప్యారలల్స్‌కి చందా కట్టండి, దానికీ ముందు ట్రయల్ ఉంటుంది. సంక్రాంతికి కంపెనీ మ్యాక్‌బుక్ చంకన పెట్టుకుని ఊరొచ్చే పిల్లలకు మాత్రం వేరే మాట. దాంట్లో నాన్నగారి ట్యాలీ పెట్టకండి. ఆ మ్యాక్ మీది కాదు, కంపెనీది. ఉద్యోగం మారిన రోజున దాంతోపాటు జీడిపిక్కల లెక్కలూ వాళ్లకే అప్పజెప్పాల్సి వస్తుంది.